ఈఆర్‌సీపీకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

పిత్తనాళంలో రాయి ఉందనో, ప్యాంక్రియాస్ నాళం మూసుకుపోయిందనో ఈఆర్‌సీపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి ఆ నాళాలను చూసి సరిచేసే పద్ధతి) రాశారా? మామూలు ఎండోస్కోపీయేలే అనుకోకండి. ఇందులో చాలాసార్లు నాళం మూతి దగ్గర చిన్న కోత పెట్టి రాయి లాగుతారు, అవసరమైతే స్టెంట్ (నాళం తెరుచుకుని ఉండేలా పెట్టే సన్నటి గొట్టం) వేస్తారు.

అన్నిటికంటే ముందు మందుల సంగతి. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డేట్ ఇచ్చిన రోజే స్ట్రిప్‌తో సహా డాక్టరుకి చూపించండి, అంతేగానీ పక్కింటాయన చెప్పాడని సొంతంగా ఆపేస్తే, అందులోనూ గుండెకు స్టెంట్ ఉంటే, అసలుకే ఎసరు. ఆ పొద్దున షుగర్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నదీ అడిగి రాసుకోండి.

ముందు 6 నుంచి 8 గంటలు ఏమీ తినొద్దు. పాలు పోసిన టీ కూడా తిండి కిందే లెక్క. కట్టుడు పళ్లు తీసేయండి. ఎక్స్‌రే వాడతారు కాబట్టి గర్భం ఉంటే చెప్పాలి, అలర్జీలూ అంతే.

తోడు మనిషి తప్పనిసరి. మత్తు ఇస్తారు, ఆ రోజు బండి తోలకూడదు.

ఇంటికొచ్చాక కడుపునొప్పి వీపులోకి పాకినా, చలిజ్వరం వచ్చినా, విరేచనం తారులా నల్లగా అయినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ప్లాస్టిక్ స్టెంట్ వేస్తే మామూలుగా 3 నెలల్లోపు తీయించాలి లేదా మార్పించాలి. మా బాబాయి మర్చిపోయాడు, అది పూడుకుపోయి మళ్లీ కళ్లు పచ్చబడ్డాయి.