మూఢంలో ఐజీఐ: కొత్త మ్యాక్‌లో పాత తుపాకుల ఆట

కర్నూలు వన్ టౌన్‌లో మాకు ఫోటో స్టూడియో ఉంది. మూఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు, ముహూర్తాల్లేకపోతే నాకు పనుండదు. మొన్నటి మూఢంలో పెండింగ్ ఆల్బమ్‌లన్నీ ప్రింటింగ్‌కి పంపేశాక, పెళ్లి వీడియోల మిక్సింగ్ కోసం కొన్న ఎం1 మ్యాక్ మినీ ఖాళీగా కనిపించింది. రాజ్‌విహార్ దగ్గర నెట్ సెంటర్‌లో గంటకు ఇరవై రూపాయలిచ్చి ఆడిన ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ గుర్తొచ్చింది. 2000లో విండోస్ పీసీల కోసం వచ్చిన గేమ్ అది. దాని సీడీ కూడా ఒకటి నా దగ్గర ఉండేది. 2009 అక్టోబర్ వరదలో నాన్న దాచిన నెగెటివ్‌లతో పాటు అదీ బురదలో పోయింది.

సీడీ ఉన్నా పెద్దగా లాభం ఉండేది కాదు. మ్యాక్ మినీకి సీడీ డ్రైవే లేదు. బయటి డ్రైవ్ తగిలించినా, ఆ కాలపు సీడీలు చాలావాటికి సేఫ్‌డిస్క్ లాంటి కాపీ తాళాలుండేవి. వాటిని విండోస్ 10 కూడా ఒప్పుకోదు. ముందు ఏదో సైట్‌లో ఊరికే దొరుకుతుందని ఒక జిప్ దించాను. అందులో గేమ్ తప్ప అన్నీ ఉన్నాయి. ఇక బుద్ధి తెచ్చుకుని, గేమ్‌లు అమ్మే జీఓజీ సైట్‌లో కొన్నాను. అక్కడ తాళం లేని ఇన్‌స్టాలర్ ఇస్తారు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు విండోస్‌కి ఇచ్చే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌నే తీసుకోండి.

ఇంతకంటే ముందు, పైన ఎడమ మూల యాపిల్ గుర్తు నొక్కి, ‘అబౌట్ దిస్ మ్యాక్’లో చిప్ ఏమిటో చూడండి. ఎం1, ఎం2 అలా ఏదైనా ఎం ఉంటే బూట్ క్యాంప్‌ను మర్చిపోండి. మ్యాక్‌లో నేరుగా విండోస్ వేసుకునే ఆ దారి పాత ఇంటెల్ మ్యాక్‌లకే.

బెంగళూరులో ఉండే మా చిన్నాన్న కొడుకుకి ఫోన్ చేస్తే, “ప్యారలల్స్ వేసుకోన్నా, అందులో విండోస్ 11 వస్తుంది, ఏదైనా నడుస్తుంది” అన్నాడు. ప్యారలల్స్ అంటే మ్యాక్ లోపలే విండోస్‌ను నడిపే ప్రోగ్రామ్. వాడి మాట చాలావరకు నిజమే. కానీ విండోస్ 11కి 64 జీబీ చోటు ఉండాలని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. నా డిస్కులో అంత చోటుంటే ఇంకో పెళ్లి ఫుటేజ్ పెట్టుకుంటాను. ఒక్క పాత గేమ్ కోసం మొత్తం విండోస్ దించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

నేను పట్టింది వైన్ దారి. ఇది విండోస్ కాదు, దుబాసీ. గేమ్ విండోస్‌ను ఉద్దేశించి “ఫైల్ తెరువు, బొమ్మ గీయి” అంటుంటే, వైన్ ఆ మాటలను మ్యాక్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. 1993 నుంచీ ఈ పని మీదే ఉన్నారు. గేమ్‌లోని ఇంటెల్ చిప్ సూచనలను ఎం1కి తగ్గట్టు మార్చడానికి ఇంకో దుబాసీ కావాలి, అది యాపిల్ ఇచ్చే రొసెట్టా 2. మొదటిసారి అవసరం పడినప్పుడు మ్యాకే అడుగుతుంది, ‘ఇన్‌స్టాల్’ నొక్కితే చాలు. ఇద్దరు దుబాసీలుంటే నెమ్మదిస్తుందేమో అని టెన్షన్ వద్దు. ఆ రోజుల పీసీ ఎక్కడ, ఈ చిప్ ఎక్కడ.

వైన్‌ను చేత్తో పెట్టుకోవచ్చు, ఓపిక కావాలి. నాకు లేదు. క్రాస్‌ఓవర్ అని వైన్ మీదే కట్టిన ప్రోగ్రామ్ ఉంది, డబ్బులు పెట్టి కొనాలి కానీ 14 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. విస్కీ అనే ఉచిత ప్రోగ్రామ్ గురించి కూడా వింటారు. దాని తయారీ ఆపేశారు, కొత్తగా దానితో మొదలుపెట్టకండి. క్రాస్‌ఓవర్‌లో ఒక్కో గేమ్‌కు చేసుకునే అరను బాటిల్ అంటారు. “విస్కీ వద్దులేరా, వైనే మేలు, కొత్త బాటిల్ తెరుస్తున్నా” అని నేను ఫోన్‌లో అంటుంటే లోపలి నుంచి మా ఆవిడ, “పనిలేదని ఇదా మీరు చేసేది?” అని బయటికొచ్చింది. స్క్రీన్ చూపిస్తే గానీ నమ్మలేదు.

క్రాస్‌ఓవర్‌లో ‘ఇన్‌స్టాల్’ నొక్కి, లిస్టులో లేని అప్లికేషన్ అనేదాన్ని ఎంచుకుని, దించుకున్న ఇన్‌స్టాలర్ ఫైల్‌ను చూపించండి. కొత్త బాటిల్ చేయమనండి. మిగతాది విండోస్‌లో లాగే నెక్స్ట్, నెక్స్ట్. బాటిల్ సెట్టింగుల్లో డీఎక్స్‌వీకే, డీ3డీమెటల్ లాంటివి కనిపిస్తాయి. ఇంత పాత గేమ్‌కు వాటిని ముట్టుకోకండి, అవి తర్వాతి కాలపు డైరెక్ట్‌ఎక్స్ గేమ్‌లకు పనికొచ్చేవి. నేను తెలివి చూపించబోయి అన్నీ ఆన్ చేసి, అరగంట నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను.

గేమ్ తెరుచుకుని స్క్రీన్ నల్లగానే ఉన్నా, బొమ్మ ఒక మూలకు నక్కినా, బాటిల్‌లో ‘వైన్ కాన్ఫిగరేషన్’ తెరవండి. ‘గ్రాఫిక్స్’ ట్యాబ్‌లో వర్చువల్ డెస్క్‌టాప్‌కు టిక్ పెట్టి 1024, 768 అని కొట్టండి. గేమ్ లోపల కూడా అదే రిజల్యూషన్ పెట్టండి. అప్పుడది ఒక కిటికీలో నడుస్తుంది. ఈ ఒక్క మార్పుతో నా సగం బాధలు తీరాయి.

మిగతా సగం బాధ నా వేళ్లది. నాకు బాణం మీటలతో నడవడం, కంట్రోల్ నొక్కి వంగడం అలవాటు, గేమ్‌లో మీటలు అలాగే పెట్టుకున్నాను. మొదటి మిషన్, రైల్వే యార్డు. గోడ పక్కన వంగి, కాపలావాడు అటు తిరగ్గానే ఎడమకు జరిగాను. యార్డు మొత్తం పక్కకు జారిపోయి, ఆ చోట్లో పసుపు నీళ్లలో తడిసిన పెళ్లికూతురు నవ్వుతూ కనిపించింది, వెనక తెరిచి ఉంచిన ఆల్బమ్ పేజీ! కంట్రోల్, ఎడమ బాణం కలిపి నొక్కితే మ్యాక్ పక్క డెస్క్‌టాప్‌కు వెళ్తుందని అప్పుడు అర్థమైంది. నేను తిరిగొచ్చేసరికి అలారం మోగుతోంది. ఈ గేమ్‌లో మిషన్ మధ్యలో సేవ్ ఉండదు, పోతే మళ్లీ మొదటి నుంచే. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, మిషన్ కంట్రోల్‌లోకి వెళ్లి, కుడి ఎడమ స్పేస్‌లకు జరిగే రెండు టిక్‌లూ తీసేయండి.

మ్యాజిక్ మౌస్‌తో తుపాకీ ఆట వద్దే వద్దు. మామూలు వైరు మౌస్ పెట్టి, మౌస్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి పాయింటర్ యాక్సిలరేషన్ ఆపేయండి, గురి నిలకడగా ఉంటుంది.

ఒక విచిత్రం చెప్పాలి. మీ గేమ్‌కు అప్పట్లో మ్యాక్ వెర్షనే వచ్చి ఉంటే అది నడవకపోవచ్చు. 2019లో వచ్చిన క్యాటలీనా అనే మ్యాక్ ఓఎస్ నుంచి మ్యాక్‌లో పాతకాలపు 32 బిట్ ప్రోగ్రామ్‌లు నడవవు. కౌంటర్ స్ట్రైక్ 1.6 మ్యాక్ వెర్షన్ అలాగే పోయింది. 32 బిట్ విండోస్ గేమ్‌కేమో వైన్ దారి చూపిస్తుంది. సొంత ఇంట్లో చోటు లేదు, అత్తారింట్లో మర్యాద. వాలరెంట్ లాంటి, మోసాలు పట్టే యాంటీ చీట్ ప్రోగ్రామ్ ఉన్న గేమ్‌లకు మాత్రం ఈ దారి పనికిరాదు.

రొసెట్టా పూర్తిగా మ్యాక్ ఓఎస్ 27 వరకే ఉంటుందని, ఆ తర్వాత పాత గేమ్‌ల కోసం కొంత భాగం మాత్రం ఉంచుతామని యాపిల్ చెప్పింది. అందుకే గేమ్ కుదురుకున్న రోజే క్రాస్‌ఓవర్‌లో ఆ బాటిల్‌ను ఆర్కైవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, బ్యాకప్ హార్డ్ డిస్కులో పెట్టాను. ఆ డిస్కు ఇప్పుడు పై అంతస్తులో ఉంటుంది.