నెలలోపు బిడ్డకు క్యాన్సర్ గడ్డ: చికిత్స సాయానికి దరఖాస్తు విధానం

చికిత్స ఖర్చుకు సాయం కోరే ఫారం నింపడం పెద్ద పనేం కాదు. తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు, ఆదాయం కాగితం, ఆసుపత్రి రాసిచ్చే ఖర్చు అంచనా మామూలుగానే చేతికొస్తాయి. ఫైలు వెనక్కి వచ్చేది మాత్రం ఎక్కువగా రెండు చోట్ల: బిడ్డ పేరు, బయాప్సీ (గడ్డ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు.

పేరు సంగతి త్వరగా చెప్పేస్తాను. పుట్టినప్పటి రికార్డుల్లో బిడ్డకు పేరుండదు, 'ఫలానావారి బేబీ' అని తల్లి పేరే ఉంటుంది. జనన ధ్రువపత్రంలో పేరు తర్వాత చేరుతుంది. స్కాన్ ఒక పేరుతో, రక్తపరీక్ష ఇంకో పేరుతో ఉంటే పక్కన పెట్టేస్తారు. రెండూ ఒకే బిడ్డవని, పాత కొత్త రికార్డు నంబర్లు రెండూ వేసి, డాక్టర్ సంతకం, సీలుతో ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఈ కాగితం ఇప్పిస్తానని వచ్చే దళారి చేసేది మీరు వార్డులో అడిగితే జరిగే పనే.

ఇక బయాప్సీ. స్కాన్ రిపోర్టులో 'అనుమానం' అనే ఉంటుంది. దాన్ని చూసి సాయం మంజూరు చేయరు, అందులో అన్యాయం కూడా లేదు. నవజాత శిశువుల్లో ఎక్కువగా కనబడే గడ్డ తోకఎముక దగ్గర వచ్చే టెరటోమా. పుట్టగానే చూసినవాటిలో చాలావరకు క్యాన్సర్ కావు. ఏఎఫ్‌పీ (కొన్ని గడ్డల్లో పెరిగే ఒక ప్రోటీన్) రక్తపరీక్ష చూసి కూడా హడలిపోకండి. పుట్టిన బిడ్డలో అది సహజంగానే వేలల్లో, పదివేలల్లో ఉండి, దాదాపు ఏడాదిలో దిగుతుంది. ల్యాబ్ కాగితం మీద పక్కన అచ్చేసే 'నార్మల్' అంకె పెద్దవాళ్లది. అందుకే ముక్క తీసి పరీక్షించిన పాథాలజీ రిపోర్టు అడుగుతారు.

కానీ కంటి గడ్డ విషయంలో ఆగండి. రెటినోబ్లాస్టోమా (కంటి వెనక పొరలో వచ్చే క్యాన్సర్) అనుమానం ఉంటే కంట్లో సూది గుచ్చి బయాప్సీ చేయరు, కణాలు బయటికి పాకే ప్రమాదం ఉంది. కౌంటర్లో 'బయాప్సీ ఏదీ?' అని అడిగారని డాక్టర్ మీద ఒత్తిడి తేవద్దు. మత్తులో చేసిన కంటి పరీక్ష రిపోర్టు, ఎంఆర్ఐ, బయాప్సీ ఎందుకు చేయలేదో చెప్పే డాక్టర్ లేఖ, ఈ మూడూ జతచేయండి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఫారంలో వ్యాధి దశ రాసే స్టేజి గడి. న్యూరోబ్లాస్టోమా (ఎదుగుతున్న నరాల కణాల్లో పుట్టే క్యాన్సర్)లో 4ఎస్ అనే స్టేజి ఉంది. ఏడాదిలోపు పిల్లల్లో అసలు గడ్డ పుట్టినచోటికే పరిమితమై, వ్యాధి చర్మం, కాలేయం, కొద్దిగా ఎముక మజ్జ వరకే పాకితే అలా అంటారు. కొత్త పద్ధతిలో ఎంఎస్ అని రాస్తారు, వయసు పరిమితి 18 నెలలు. వీరిలో చాలామందికి గడ్డ దానంతట అదే కరిగిపోతుంది, ఎక్కువమంది బతుకుతారు. ఫారంలో ఎస్ వదిలేసి 4 (ఒంట్లో దూరంగా పాకిన దశ) అని మాత్రమే వేస్తే కథే మారిపోతుంది. పరిశీలించేవారు వేరే చికిత్స లెక్కేస్తారు, తల్లిదండ్రులు ఆశ వదులుకుంటారు. సబ్మిట్ నొక్కేముందు ఆ అక్షరం మీరే చూసుకోండి, ఆపరేటర్‌కి వదలకండి.

డాక్టర్ 'ప్రస్తుతానికి మందులు వద్దు, గమనిద్దాం' అన్నా దరఖాస్తు ఆపకండి. గమనించడం కూడా చికిత్సే. 4ఎస్ ఉన్న రెండు నెలలలోపు బిడ్డకు కాలేయం ఉబ్బి ఊపిరి ఆడకపోతే వెంటనే కీమో మొదలుపెట్టాల్సి రావచ్చు. కాబట్టి అంచనాలో వరుస స్కాన్లు, మూత్ర పరీక్షలతోపాటు అవసరమైతే కీమో ఖర్చు కూడా రాయించండి. పసిపిల్లలకు మందు మోతాదు సాధారణంగా బరువును బట్టి వేస్తారు, అందుకని తాజా బరువు, తేదీ ఉండాలి.

అసలు కాగితాలు, పాథాలజీ స్లైడ్లు (గడ్డ ముక్క ఉంచిన గాజు పలకలు) రసీదు లేకుండా ఎవరి చేతిలోనూ పెట్టకండి. రెండో అభిప్రాయానికి ఆ స్లైడ్లే కావాలి. టెరటోమాకు ఆపరేషన్ అయితే, తోకఎముక కూడా తీశారా అన్నది డిశ్చార్జ్ సమ్మరీలో ఉందో లేదో చూడండి. అది మిగిలిపోతే గడ్డ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ తర్వాతి ఏఎఫ్‌పీ పరీక్షలకు మళ్లీ దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది.