మడత చాకు లాక్ జారుతోందా? లాక్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

"లాక్ విరిగిపోయింది" అని నా దగ్గరికి తెచ్చే మడత చాకుల్లో నిజంగా లాక్ విరిగినవి పదింటికి ఒకటో రెండో. మిగతావాటిలో కొన్ని కడిగితే బాగుపడతాయి, కొన్ని ఒక్క స్క్రూ బిగిస్తే బాగుపడతాయి. బాధేమిటంటే, చాలామంది ఏదో వీడియో చూసి, ఆకురాయితో లాక్ మూతిని, అంటే బ్లేడుకి ఆనే కొసని, నాలుగు రుద్దులు రుద్ది మరీ తెస్తారు. మురికి కడిగితే పోతుంది. అరగదీసిన ఇనుము తిరిగి రాదు.

మీది ఏ లాకో ముందు చూసుకోండి. పిడి వీపు మీద నొక్కితే విడిపోయేది బ్యాక్ లాక్. పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు వెనకాల అడ్డంగా నిలబడితే లైనర్ లాక్, పిడిలో ఒక పక్క మొత్తం అలా జరిగితే ఫ్రేమ్ లాక్. రెండు పక్కలా కనిపించే చిన్న గుండీని వెనక్కి లాగి మూసేది క్రాస్‌బార్ లాక్. మెడ దగ్గర రింగు తిప్పేది ఒపినెల్ రకం. ఇవేవీ లేకుండా స్ప్రింగ్ బిగువు మీదే బ్లేడు నిలబడితే అది స్లిప్‌జాయింట్, జేబులో పట్టే చిన్న స్విస్ చాకులు ఎక్కువగా ఇవే. "నొక్కితే మూసుకుపోతోంది" అని వాటి మీద కంప్లయింట్ పెట్టకండి, వాటికి అసలు లాకే లేదు.

లాక్ సగమే పడుతోంది, లేదా అసలు పడటం లేదు

మురికి. నూటికి తొంభై పాళ్లు మురికే.

బ్యాక్ లాక్‌లో బ్లేడు మొదలు దగ్గర, అంటే పిడివైపు కొసలో, ఒక గాడి ఉంటుంది, లాక్ పన్ను వచ్చి అందులో కూర్చోవాలి. ఆ గాడిలో జేబు నూగు, ఇసుక, చేపపొలుసు చేరి, చాకు తెరిచిన ప్రతిసారీ పన్ను కింద నలిగి, చివరికి అట్టముక్కలా గట్టిపడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. చాకు సగం తెరిచి, ఫోన్ లైటు వేసి, చీపురుపుల్ల చివర చెక్కి గాడి మూలల్లో గీకండి. నల్లగా వచ్చిందా? అయితే వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత పళ్లబ్రష్షు తీసుకోండి. సముద్రపు ఉప్పు చేరి ఉంటే అది నూనెతో పోదు, నీళ్లతోనే పోతుంది. కడిగాక బాగా ఆరనిచ్చి, పివట్ (బ్లేడు తిరిగే ఇరుసు) దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వెయ్యండి. లాక్ మూతికి మాత్రం నూనె తగలకూడదు. అక్కడ రాపిడే లాక్‌ని నిలబెడుతుంది, నూనె పడితే జారుతుంది.

కొబ్బరినూనె సంగతి విడిగా చెప్పాలి. మనవైపు ఇంట్లో కత్తెరకైనా తాళానికైనా చేతికి మొదట అందేది అదే. విశాఖ ఎండలో బాగానే ఉంటుంది. కానీ దాదాపు 24 డిగ్రీల కిందకు వస్తే కొబ్బరినూనె గడ్డకడుతుంది. డిసెంబరులో మా తోడల్లుడు లంబసింగిలో తెల్లవారుజామున చాకు తెరిస్తే లాక్ పడలేదట. "కంపెనీ వాడు మోసం చేశాడు బావా" అని అక్కణ్నుంచే ఫోను. మధ్యాహ్నానికి ఎండెక్కాక లాక్ దానంతటదే పడింది. ఇంటికొచ్చాక గాడి గీకితే తెల్లటి మైనంలా ఇంత ముద్ద.

బ్లేడు పక్కలకు ఊగుతోంది

బ్లేడు కొస పట్టుకుని కుడికీ ఎడమకీ కదిపితే టిక్కుటిక్కుమంటుందా? పివట్ స్క్రూ వదులైంది. చాలా చాకులకు నక్షత్రం ఆకారం బిట్లు పడతాయి, టీ6, టీ8 రెండూ ఉంటే సరిపోతుంది. డాబాగార్డెన్స్‌లో మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే చోట దొరుకుతాయి. చవకరకం బిట్టు మెత్తగా ఉండి స్క్రూ తలని తినేస్తుంది, కాస్త మంచిది కొనండి. బ్లేడు ఊగకూడదు, అలాగని తెరవడానికి బొటనవేలు నొప్పి పుట్టకూడదు. ఆ రెండింటి మధ్య ఎక్కడో ఆపాలి.

వారానికోసారి వదులవుతుంటే స్క్రూ తీసి, దాని మరచుట్ల మీది నూనె స్పిరిటుతో తుడిచి, స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, అంటే నీలం రంగు థ్రెడ్‌లాకర్ చీపురుపుల్ల కొసతో రవ్వంత రాసి బిగించండి. ఒక రోజు ముట్టుకోకండి. ఎర్రరంగుది వాడితే మళ్లీ వేడిచేస్తే తప్ప రాదు. నూనె తుడవకుండా వేస్తే నీలమైనా ఎర్రదైనా ఒకటే, పట్టదు.

బ్లేడు పైకీ కిందికీ ఊగుతోంది, లాక్ రేకు అవతలి అంచుదాకా పోతోంది

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజన్లు చూసే ఒకాయన లైనర్ లాక్ చాకు తెచ్చాడు. వలతాళ్లు కొయ్యడానికి వాడతాడు. లాక్ రేకు బ్లేడు వెనకాల మధ్యలో ఆగాల్సింది, అవతలి వైపు రేకుకి ఆనుకుంటోంది. బ్లేడు వీపు మీద నొక్కితే సన్నగా కదులుతోంది. లాక్ మూతి అరిగిందనుకున్నాను. కడిగాను, పివట్ బిగించాను, లైనర్‌ని కాస్త లోపలికి వంచి బిగువు పెంచాను. తెరిస్తే 'టక్'మని భలేగా పడింది. ఆయన సంతోషంగా పట్టుకుపోయాడు.

పది రోజులకి వచ్చాడు. "ఏటి మాస్టారూ, మళ్లీ మొదటికొచ్చీసింది." వాషర్లు మార్చాను. మళ్లీ పట్టుకుపోయాడు, మళ్లీ తెచ్చాడు. మూడోసారి నా బల్ల మీదే, వీపు మీద నొక్కి చూస్తుంటే లాక్ జారి బ్లేడు నా చూపుడువేలి మీదకొచ్చింది. రెండు కుట్లు. ఆయన గుడ్డ చింపి కట్టు కడుతూ, "పోన్లెండి మాస్టారూ, చాకు ఎంతని, వదిలీండి" అన్నాడు. నాకు చాకు పోయినందుకు కాదు, ఎందుకు పోయిందో తెలియనందుకు ఒళ్లు మండింది.

రాత్రి మొత్తం విప్పి ముక్కలన్నీ తెల్లగుడ్డ మీద పరిచాను. లాక్ మూతి నిగనిగలాడుతోంది, దానికేమీ కాలేదు. అప్పుడు చేతికి తగిలింది స్టాప్ పిన్. బ్లేడు పూర్తిగా తెరుచుకున్నాక వెళ్లి ఆనేది, "ఇక చాలు, ఆగు" అని ఆపేది ఈ చిన్న కడ్డీయే. గోటితో దాని చుట్టూ గీస్తే ఒకచోట గోరు దిగింది. వెర్నియర్‌తో కొలిస్తే చుట్టూ 4 మిల్లీమీటర్లు, ఆ ఒక్కచోట 3.9. పక్కనే ఇటుకపొడి రంగు మచ్చ.

పదోవంతు మిల్లీమీటరుకి ఇంత గొడవేమిటంటారా? లాక్ ఆనే చోట బ్లేడు మొదలు కొంచెం ఏటవాలుగా కోసి ఉంటుంది, మామూలుగా 8 డిగ్రీల చుట్టుపక్కల. పిన్ అరిగితే బ్లేడు ఆ కాస్త ఎక్కువ తెరుచుకుని లాక్ నుంచి దూరం జరుగుతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి రేకు ఏటవాలు వెంబడి పక్కకు పోవాలి, ఖాళీకి దాదాపు ఏడు రెట్లు. పిన్ మీద 0.1 పోతే రేకు 0.7 మిల్లీమీటరు అవతలికి జరుగుతుందన్నమాట. రేకు మందమే ఒకటో ఒకటిన్నరో. నేను లైనర్ వంచి చేసిందల్లా, అప్పటికే దూరం పోతున్నదాన్ని ఇంకా గట్టిగా తోయడం.

సముద్రం పక్క చాకులకు ఇది ఎక్కువ. బ్లేడుకి స్టెయిన్‌లెస్ వేసినా పిన్‌కి మామూలు స్టీలు వేసే తయారీదార్లున్నారు. మనం తుడిచేది బ్లేడునే. ఉప్పునీరు పిన్‌కీ బ్లేడు మొదలుకీ మధ్య సందులో నిలబడిపోతుంది. తుప్పు పొరగా లేస్తుంది, చాకు తెరిచిన ప్రతిసారీ ఆ పొర రాలుతుంది, మళ్లీ కొత్త పొర. బొటనవేలితో గాల్లో విదిలించి 'ఠక్'మని తెరిచే అలవాటుంటే సుత్తిదెబ్బలు అదనం.

విప్పకుండానే కనిపెట్టవచ్చు. చాకు తెరిచి, బ్లేడు మొదలు పిన్‌ని తాకే చోటుకి నల్ల స్కెచ్‌పెన్నుతో రంగు వేసి, పది పదిహేనుసార్లు తెరిచి మూయండి. రంగు సన్నని గీతలా ఒకేచోట చెరిగితే పిన్ గుండ్రంగానే ఉందని. వెడల్పు పట్టీలా చెరిగితే పిన్ చదునైందని. ఇంకో పద్ధతి: చాకుని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా చూసుకుని, వీపు మీద మెల్లగా నొక్కండి. పిన్‌కీ బ్లేడుకీ మధ్య వెలుగు సన్నగా కనిపించి, వదిలితే మాయమవుతుందా? దొంగ దొరికాడు.

మందు చూస్తే నవ్వొస్తుంది. పిన్‌ని సగం చుట్టు తిప్పి పెట్టండి, అరగని వైపు బ్లేడుకి వస్తుంది. అంతే. కొన్ని చాకుల్లో పిన్ తిరగకుండా చదును కోసి ఉంటుంది, అప్పుడు మార్చాల్సిందే. బేరింగుల షాపులో నీడిల్ రోలర్లు విడిగా దొరికితే, మీ పిన్ కొలతది ఒకటి తెచ్చి పొడుగు సరిచేసుకోండి. చాలా గట్టి స్టీలు, అరగదు. తుప్పు మాత్రం పడుతుంది, కాస్త గ్రీజు రాసి పెట్టాలి. గాజువాక ఆటోనగర్ లేతు షాపుల్లో స్టెయిన్‌లెస్ కడ్డీ కోసి ఇస్తారు, కానీ మెత్తన, ఏడాదికోసారి తిప్పుకోవాలి. పిన్ బాగానే ఉండి, అది కూర్చునే రంధ్రమే కోలగా సాగిపోతే మాత్రం ఆ చాకు మీద ఆశ వదులుకోండి.

ఆ బోటు మెకానిక్ చాకు పిన్ తిప్పి మూడేళ్లయింది. మళ్లీ రాలేదు.

లాక్ అతుక్కుపోయి మూసుకోవడం లేదు

కొత్త ఫ్రేమ్ లాకుల్లో, ముఖ్యంగా టైటానియం పిడి ఉన్నవాటిలో ఇది మామూలే. లాక్ మూతి తాకే చోట మెత్తటి పెన్సిలుతో నల్లగా రుద్దండి. నాలుగు రోజులకోసారి రుద్దితే తర్వాత దానికదే సర్దుకుంటుంది.

ఒపినెల్ రకంలో వానాకాలం చెక్క ఉబ్బి బ్లేడు రాకపోవడం రోగం కాదు. ఫ్యాను కింద రెండు రోజులు పెట్టండి. రింగు వదులైతే తీసి, పట్టకారుతో రవ్వంత నొక్కి తిరిగి ఎక్కించండి.

క్రాస్‌బార్ లాకులో గుండీ ఒకవైపే బిగువుగా ఉంటే లోపల రెండు సన్నటి స్ప్రింగుల్లో ఒకటి విరిగింది. అది మార్చాలి, వేరే మార్గం లేదు. బ్యాక్ లాక్ స్ప్రింగు విరగడం, లైనర్ పగలడం నేను చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పగిలితే వాడకండి, అంతకుమించి చెప్పేదేమీ లేదు.

వారంటీలో ఏం వస్తుంది, ఏం రాదు

"లైఫ్‌టైమ్ వారంటీ" అనే మాట చూసి జీవితాంతం ఉచితంగా బాగుచేస్తారని అనుకుంటారు. దాని అర్థం తయారీలోనో లోహంలోనో లోపముంటే చూస్తామని. స్విస్ చాకుల కంపెనీ విక్టోరినాక్స్‌దే తీసుకోండి: లోహంలో, తయారీలో లోపాలకు కాలపరిమితి లేదు, ఎలక్ట్రానిక్ భాగాలకు రెండేళ్లు, వాడకంతో వచ్చే అరుగుదలకీ దుర్వినియోగానికీ వర్తించదు. మిగతా కంపెనీల కాగితాలూ ఇంచుమించు ఇదే పాట పాడతాయి. కాబట్టి తుప్పు, అరిగిన పిన్, పెయింటు డబ్బా మూత లేపుతుంటే వంగిన లైనర్, ఇవేవీ రావు. కొని వారం కాకుండానే, శుభ్రంగా ఉండగానే లాక్ జారితే మాత్రం గట్టిగా అడగండి.

అడిగేముందు విప్పకండి. విప్పితే వారంటీ పోతుందని కొన్ని కంపెనీలు రాస్తాయి. విప్పకుండా కడగడానికి ఎవరూ అడ్డు చెప్పరు, కడిగే పంపండి. పొలుసులున్న చాకు చూడగానే అవతలివాడు జవాబు మొదటి పేరాలోనే కాదంటాడు. బిల్లు ఫొటో, లాక్ పడి ఉన్నప్పటి ఫొటో, వీపు మీద నొక్కితే జారుతున్న చిన్న వీడియో, ఇవి చాలు. నాలుగు పేజీల కోపం అక్కర్లేదు. మీరు ఆకురాయి పెట్టుంటే దాచకండి. గీత చూస్తే తెలిసిపోతుంది.

విదేశీ చాకైతే ఇక్కడ పంపిణీదారు ఉన్నాడేమో ముందు కనుక్కోండి. లేకపోతే పోనూ రానూ కొరియరు, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ తలనొప్పి కలిపి చాకు ధర దాటిపోవచ్చు. చాలాసార్లు "చాకు పంపను, పిన్ ఒక్కటి పంపండి" అని అడగడమే లాభం, కొందరు స్క్రూలూ పిన్నులూ ఊరికే పంపుతారు. బిల్లు లేకుండా ఆన్‌లైన్‌లో సగం ధరకి కొన్నవి నకిలీ కావచ్చు, వాటికి కంపెనీ జవాబుదారీ కాదు. ఇక్కడే బిల్లుతో కొన్నదానికి అమ్మినవాడు ముఖం చాటేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

విమానంలో తీసుకెళ్లి ఇద్దామనుకుంటే చేతిసంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు, చెక్-ఇన్ సామానులో పెట్టాలి. కొరియరుకైతే లోపల ఏముందో చెప్పి ఇవ్వండి. చాకు మూసి, సబ్బు అట్టపెట్టె చింపి రెండు చుట్లు చుట్టి, పైన రెండు రబ్బరుబ్యాండ్లు వెయ్యండి. లాక్ పాడైన చాకు దారిలో తెరుచుకుంటే పార్శిల్ విప్పేవాడి చెయ్యి తెగుతుంది.