పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను తిరగరాస్తుంటే వచ్చే ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు హోల్‌సేల్ కొట్ల కోసం ఏళ్ల తరబడి అతుకులేస్తూ నడిపించిన పెద్ద సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మొదటినుంచి రాయాలనుకునే వాళ్ల కోసం ఇది. ఇబ్బంది ఎప్పుడు బయటపడినా, దాని మూలం తొలి వారాల్లో తీసుకున్న నిర్ణయాల్లోనే ఉంటుంది.

సమస్య: "ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది" అన్న మాటే ఏడాదిగా వినిపిస్తోంది.

కారణం: మొత్తం ఒకేసారి మార్చేయాలనుకోవడం. బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ 1998లో పాత బ్రౌజర్ కోడ్‌ను పక్కనపెట్టి కొత్తగా రాయడం మొదలుపెట్టింది. నెట్‌స్కేప్ 6 వచ్చేసరికి 2000 నవంబర్ అయింది, 5 అసలు రానేలేదు. ఈలోగా జనం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మారిపోయారు.

పరిష్కారం: ఒక్క భాగాన్ని విడదీయండి. గోడౌన్ స్టాక్‌తో మొదలుపెడితే నయం. అక్కడ తప్పు పడినా బస్తాలు లెక్కపెట్టి సరిచేసుకోవచ్చు. బిల్లు పార్టీ (కొనే వ్యాపారి) చేతికి వెళ్లాక ఆ వీలుండదు. స్టాక్ అంకెను మార్చే హక్కు మాత్రం కొత్తదానికే ఇవ్వండి, పాతది చదువుకుంటే చాలు. రెండూ మారిస్తే నెలాఖరుకు రెండు లెక్కలు తేలతాయి.

సమస్య: డేటా మార్చాక పేర్లు సగంలో తెగిపోయాయి, కొన్ని గజిబిజి అక్షరాలయ్యాయి.

కారణాలు రెండు. "సత్యనారాయణ" కంటికి ఆరక్షరాలే. కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే యూనికోడ్‌లో వత్తులూ గుణింతాలూ కలిపి పది సంకేతాలు. యూనికోడ్‌ను ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే ముప్పై. పేరుకు 30 బైట్లే కేటాయించి ఉంటే "సత్యనారాయణ సాహు"లో సాహు పోయినట్టే. ఒడియా అక్షరాలకూ ఇదే లెక్క. ఇక గజిబిజి అంటారా, అవి అను, ఆకృతి లాంటి పాత ఫాంట్లలో కొట్టిన పేర్లు. లోపల ఉన్నది వేరే సంకేతాలు, ఫాంటే వాటిని తెలుగులా, ఒడియాలా చూపించేది.

పరిష్కారం: పేరు పొడవును బైట్లలో కాక యూనికోడ్ సంకేతాల్లో కొలిచి, ఉదారంగా చోటివ్వండి. ఫాంట్‌ను బట్టి యూనికోడ్‌లోకి మార్చండి, పాత రూపాన్ని పక్కన అలాగే ఉంచండి. పార్టీని గుర్తించడానికి పేరు వాడొద్దు, నంబర్ ఇవ్వండి. ఒకే మనిషి పేరు మన దగ్గర తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు లిపుల్లో ఉంటుంది.

పైసల్లో తేడా వస్తోందా? డబ్బును దశాంశ భిన్నంగా కాక పైసల్లో పూర్ణసంఖ్యగా దాచండి. రౌండింగ్ ఒక్కో సరుకు లైనుకా, మొత్తం బిల్లుకా అన్నది పాతదాంట్లో చూసి అలాగే పెట్టండి.

సమస్య: ఒకే బిల్లుకు పాతది సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ (ఒకే రాష్ట్రంలో అమ్మకానికి వేసే కేంద్ర, రాష్ట్ర పన్నులు) వేస్తే, కొత్తది ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకానికి వేసే పన్ను) వేస్తోంది.

రాయగడ కొట్టు గుణుపురం పార్టీ పేరున బిల్లు కొట్టింది. ఆ పార్టీ "సరుకు పార్వతీపురంలో వేరే వ్యాపారికి దింపండి" అంది. లారీ ఆంధ్రాకు వెళ్తోంది కదా, ఐజీఎస్టీయే కరెక్ట్ అనిపిస్తుంది. కానీ 2017 ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 10 ప్రకారం, కొన్న పార్టీ చెప్పినట్టు సరుకు వేరొకరికి దింపితే, ఆ చెప్పినవాళ్ల ప్రధాన వ్యాపార స్థలమే ప్లేస్ ఆఫ్ సప్లై, అంటే పన్ను లెక్కకు సరుకు చేరినట్టు భావించే చోటు. ఇక్కడ అది ఒడిశా. పాతదే కరెక్ట్.

కారణం: పాత కోడ్‌లో ఈ సందర్భం కోసం నాలుగు లైన్ల కండిషన్ ఉండేది. అర్థంకాని చెత్త అనుకుని ఎవరో తీసేశారు.

పరిష్కారం: ప్లేస్ ఆఫ్ సప్లై రాష్ట్రం కోడ్‌ను బిల్లులో విడిగా పెట్టండి, డెలివరీ అడ్రస్ నుంచి ఊహించొద్దు. ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాయాలన్న చర్చకు ముందే పోలిక చూసే ఏర్పాటు చేసుకోండి: కిందటేడు బిల్లులన్నీ, వాపసులూ మార్చి నెలాఖరువీ సహా, కొత్తదానిలో నడిపి మొత్తం, పన్ను సరిచూడాలి. తేడా వచ్చిన బిల్లును అకౌంటెంట్‌కు చూపించి, ఏది తప్పో తేలాకే కోడ్ ముట్టుకోండి.