కన్సర్వేటరీ ఆడిషన్‌కు ఎలా సిద్ధపడాలి: పియానో వైపు నుంచి చూసిన సంగతులు

అమెరికా యూనివర్సిటీల్లో మ్యూజికల్ థియేటర్ (పాట, నటన, డాన్స్ కలిసిన నాటకం) ఆడిషన్లకు నేను పియానో వాయిస్తాను. పదకొండేళ్లుగా ఇదే పని. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, మహా అయితే ఎనిమిది. బల్ల వెనక ఇద్దరో ముగ్గురో అధ్యాపకులు, గది మధ్యలో నేల మీద టేపుతో వేసిన గుర్తు, దాని మీద పదిహేడేళ్ల అమ్మాయో అబ్బాయో. మార్కులు వేసేది నేను కాదు. కానీ వచ్చినవాళ్లందరూ ముందు నా దగ్గరికే వచ్చి, తమ పాట స్వరాలు రాసి ఉన్న ఫైలు తెరుస్తారు. ఆ ఇరవై సెకన్లలో ఎవరు ఎలా సిద్ధపడి వచ్చారో చాలావరకు తెలిసిపోతుంది.

ఈ మధ్య మన తెలుగు ఇళ్ల పిల్లలు కూడా వస్తున్నారు. కూచిపూడి నేర్చుకున్నవాళ్లు, కర్ణాటక సంగీతం పాడేవాళ్లు, స్కూల్లో నాటకాలు వేసినవాళ్లు. గొంతు ఉంటుంది, కష్టపడే గుణం ఉంటుంది. చెప్పేవాళ్లు లేక చిన్న చిన్న వాటి దగ్గర తడబడతారు. చూస్తూ కూర్చోవడం నాకు కష్టంగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

పేరు కాదు, టైంటేబుల్ చూడండి

కన్సర్వేటరీ అంటే సంగీతం, నాటకం లాంటి కళలు నేర్పే చోటు. ఆ మాట ఇటలీ నుంచి వచ్చింది. నేపుల్స్ నగరంలో 1500ల్లో అనాథ పిల్లలను చేరదీసి కాపాడే ఇళ్లను అలా పిలిచేవారు. బతుకుతెరువుగా ఆ పిల్లలకు సంగీతం నేర్పేవారు. రానురాను అవి సంగీత పాఠశాలలుగా మారినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1795లో పారిస్‌లో ప్రభుత్వమే కన్సర్వేటరీ పెట్టింది. అమెరికాలో ఈ చదువు క్రమంగా యూనివర్సిటీల్లోకి వచ్చింది. నాటకంలో డిగ్రీ చదువు మొదట పెట్టింది పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ టెక్, 1914లో. ఇప్పటి కార్నెగీ మెలన్ అదే. సిన్సినాటి కన్సర్వేటరీ 1867లో మొదలై, 1962లో అక్కడి యూనివర్సిటీలో కలిసింది.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి చోట గురువు దగ్గర రోజంతా సాధన చేసే పద్ధతి, క్రెడిట్లు లెక్కపెట్టే కాలేజీ పద్ధతి రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. ఏది ఎంత ఉందో చూసుకోకుండా చేరితే తర్వాత బాధపడాల్సి వస్తుంది. బీఎఫ్ఏ (కళల్లోనే ప్రత్యేకంగా చేసే డిగ్రీ) అయితే నాలుగేళ్ల చదువులో మూడింట రెండు వంతుల దాకా కళే ఉంటుంది. బీఏ థియేటర్ అయితే సగం కన్నా తక్కువే. మిగతాది చరిత్ర, సైన్సు, భాషలు, మీకు నచ్చినవి. పక్కన కంప్యూటర్ సైన్సు కూడా చదివించాలనుకునే అమ్మానాన్నలకు బీఏ వీలుగా ఉంటుంది. బీఎఫ్ఏతో పాటు అది కుదరడం చాలా కష్టం.

కాలేజీకి మెయిల్ రాసి, మొదటి ఏడాది విద్యార్థి ఒక వారం టైంటేబుల్ పంపమని అడగండి. అందులో పొద్దున బ్యాలే, తర్వాత నటన, గొంతు సాధన, మ్యూజిక్ థియరీ, సాయంత్రం రిహార్సల్ కనిపిస్తాయి. శనివారం కూడా నిండి ఉండొచ్చు. ఇంకో నాలుగు ప్రశ్నలు కూడా వేయండి. పాటకు ఒక్కరికే విడిగా పాఠం వారానికి ఎన్ని నిమిషాలు? మొదటి ఏడాది స్టేజీ ఎక్కనిస్తారా? (చాలా చోట్ల ఎక్కనివ్వరు, అది తప్పేమీ కాదు.) ఏడాది చివర్లో కొందరిని కోర్సు నుంచి తీసేసే పద్ధతి ఉందా? చివరి ఏడాదిలో, నటులకు అవకాశాలు వెతికిపెట్టే ఏజెంట్ల ముందు షోకేస్ (విద్యార్థుల ప్రదర్శన) పెడతారా? జవాబు సూటిగా ఇచ్చే చోటునే నేను నమ్ముతాను.

నటన నేర్పే పద్ధతుల పేర్లు వెబ్‌సైట్లలో కుప్పలుగా కనిపిస్తాయి. వాటిని చూసి కంగారు పడకండి. మైస్నర్ పద్ధతిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఎదుటివాళ్లలో చూసినదాన్ని ఒకే వాక్యంగా పదే పదే ఒకరికొకరు చెప్పుకుంటారు. మొదటి వారం పిచ్చిగా అనిపిస్తుంది, తర్వాత వినడం అంటే ఏమిటో అర్థమవుతుంది. లాబాన్ అంటే కదలికలో బరువు, వేగం, దిశ, ప్రవాహం గమనించడం. నాట్యం నేర్చుకున్న పిల్లలకు ఇది త్వరగా పట్టుబడుతుంది. నాకు బాగా ఇష్టమైనది అలెగ్జాండర్ టెక్నిక్. అలెగ్జాండర్ ఆస్ట్రేలియాలో పుట్టిన నటుడు. స్టేజీ మీద గొంతు పోతుండేది. అద్దాల ముందు నిలబడి తనను తాను చూసుకుంటే, మాట మొదలుపెట్టే ముందు తల వెనక్కి లాగి మెడ బిగిస్తున్నట్టు తేలింది. ఆ బిగువు వదిలించుకునే దారే తర్వాత పాఠమైంది. నా భుజం నొప్పి తగ్గింది ఆ పాఠాలతోనే.

వీడియో

చాలా కాలేజీలు ముందు వీడియో అడుగుతాయి. దాన్ని ప్రీస్క్రీన్ అంటారు. సాధారణంగా రెండు పాటల ముక్కలు, ఒకటో రెండో మోనోలాగ్‌లు (నాటకంలో ఒక్క పాత్రే మాట్లాడే ముక్కలు), కొంచెం డాన్స్. ఒక్కొక్కటి నిమిషం, నిమిషంన్నర. పాట మధ్యలో ఎడిటింగ్ పనికిరాదు. ఫ్రేమ్ ఎక్కడి నుంచి ఎక్కడికి ఉండాలో ప్రతి కాలేజీ రాసి పెడుతుంది, దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించండి. ఖాళీ గోడ, కిటికీ ఎదురుగా నిలబడితే వచ్చే వెలుతురు, ఫోన్‌కు స్టాండు చాలు. డబ్బు పోసి స్టూడియోలో తీయించిన వీడియోకు ఎక్కువ విలువేమీ ఉండదు.

కొన్ని చోట్ల వైల్డ్ కార్డ్ అని ఇంకో వీడియో అడుగుతారు. మీరెవరో తెలిసేలా ఏదైనా చేయొచ్చు. మన పిల్లలు ఇక్కడే వెనకాడతారు, కూచిపూడి వాళ్లకు అర్థం కాదేమోనని. చేయండి. కానీ రంగప్రవేశం నాటి వీడియోలోంచి ముక్క కత్తిరించి పెట్టకండి. ఆ నగలు, లైట్ల మధ్య మనిషి కనబడరు. మామూలు ప్రాక్టీసు చీరలోనో చుడీదార్‌లోనో మీ గదిలో, మీ నోటితోనే జతి చెబుతూ నలభై సెకన్లు ఆడండి.

పియానో మీద పెట్టే ఫైలు

ఇది నా సొంత విషయం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

ఆడిషన్లో పాట మొత్తం పాడనివ్వరు. పదహారు బార్లు, లేదా ముప్పై రెండు బార్లు అంటారు. బారు అంటే మన ఆవర్తనం లాంటిది. ఆ ముక్కను ‘కట్’ అంటారు. కట్‌లో ఒక ఆలోచన మొదలై, ఎక్కడో మలుపు తిరగాలి. అందరూ చివరి పెద్ద స్వరం ఉన్న ముక్కే ఎంచుకుంటారు. రోజంతా ఒకే ఎత్తులో అరుపులు వింటే ఎవరికైనా చెవులు అలిసిపోతాయి. నెమ్మదిగా మొదలయ్యే ముక్కకు ప్యానెల్ (బల్ల వెనక అధ్యాపకులు) తల పైకెత్తడం నేను చాలాసార్లు చూశాను.

కాగితాలు రింగు ఫైలులో, రెండు వైపులా ప్రింటు తీసి, పుస్తకంలా తిరిగేలా పెట్టండి. విడి కాగితాలు వద్దు, స్టేపుల్ చేసినవి అసలు వద్దు. మెరిసే ప్లాస్టిక్ కవర్లలో పెడితే లైటు పడి నాకు స్వరాలు కనపడవు. జిరాక్స్ తీసేటప్పుడు కింది అంచు తెగిపోతుంది, అందులోనే నా ఎడమ చేతి స్వరాలుంటాయి. ప్రతి పేజీ అడుగు ఒకసారి చూసుకోండి. మొదలయ్యే చోట, ఆగే చోట పెద్దగా గుర్తు పెట్టండి. మధ్యలో వదిలేసే బార్లను నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేయండి. పెన్సిలుతో గీసిన సన్నటి బాణం నాకు కనపడేలోపు ఆ బారు వెళ్లిపోతుంది.

ఇంకొకటి, శ్రుతి. కర్ణాటక సంగీతంలో మన శ్రుతి మనదే, తంబురా దానికే పెట్టుకుంటాం. ఇక్కడ కాగితం మీద ఏ శ్రుతిలో రాసి ఉంటే పియానో అదే వాయిస్తుంది. ఒక అమ్మాయి వచ్చి “ఒక మెట్టు కిందకి వాయించగలరా?” అని మెల్లగా అడిగింది. వాయించాను. కానీ నేను ఎక్కడ తప్పుతానో అన్న భయం ఆ అమ్మాయి కళ్లల్లో చివరిదాకా కనపడింది, పాట మీద ధ్యాసే లేకపోయింది. మీ శ్రుతిలో ప్రింటు చేసిన కాపీ ఇంటర్నెట్‌లో కొనుక్కోవచ్చు. ముందే తెచ్చుకోండి.

నాతో మాట్లాడేటప్పుడు మూడు విషయాలు చెబితే చాలు: ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి, వేగం ఎంత. వేగం చెప్పడానికి చిటికెలు వేయకండి. మొదటి లైను మీరు పాడబోయే వేగంలో నాకు మాత్రమే వినపడేలా పాడండి. చిటికెకు, పాటకు తేడా వస్తుంది. పాడితే రాదు. మీ మొదటి స్వరం ముందుగా కావాలంటే అడగండి, ఒక్కసారి మీటి ఇస్తాను. ఇంట్లో ట్రాక్ (రికార్డు చేసిన వాద్యం) పెట్టుకుని మాత్రమే సాధన చేసిన పిల్లలు నేను కొంచెం ఆగితే బెదిరిపోతారు. ట్రాక్ మీ కోసం ఆగదు, మనిషి ఆగుతాడు. ఆడిషన్‌కు ముందు కనీసం నాలుగుసార్లు మనిషి వాయిస్తుంటే పాడండి.

గమకం గురించి కూడా అడుగుతుంటారు. గొంతులో గమకం ఉందని ఎవరూ తీసేయరు. అయితే ప్రతి పొడుగు స్వరం దానంతటదే ఊగిపోతుంటే, ఈ గొంతు వేరే రకంగా పాడగలదా అని ప్యానెల్‌కు సందేహం వస్తుంది. ఒక్క చోటైనా స్వరాన్ని కదలకుండా నిలిపి చూపించండి.

‘ఇంకో రకంగా చెయ్యి’ అన్నప్పుడు

మోనోలాగ్ ఎంచుకునేటప్పుడు మీ వయసుకు దగ్గరగా ఉన్న పాత్రను, అచ్చయిన నాటకం నుంచి తీసుకోండి. సినిమాలోది వద్దు, చూసేవాళ్లకు ఆ నటుడే గుర్తొస్తాడు. ఎప్పుడో జరిగింది తలుచుకుంటూ చెప్పేదానికన్నా, ఎదుటి మనిషి నుంచి ఇప్పుడు ఏదో కావాలని అడిగేది మంచిది. నాటకం మొత్తం చదవండి, దాని గురించి అడుగుతారు. ప్యానెల్ కళ్లలోకి చూస్తూ చెప్పకండి. వాళ్ల తలలకు కాస్త పైన ఆ మనిషిని ఊహించుకోండి.

అది అయ్యాక వాళ్లలో ఒకరు, “బాగుంది. పక్క గదిలో మీ తమ్ముడు నిద్రపోతున్నాడనుకుని ఇదే మళ్లీ చెప్పు” అనొచ్చు. ఆ మాటతో చాలామంది పిల్లల ముఖం వాడిపోతుంది. తప్పు చేశామనుకుంటారు. వాళ్లు చూస్తున్నది వేరే. ఈ పిల్లకు నాలుగేళ్లు పాఠం చెప్పాలి కదా, మాట చెబితే మారుతుందా అని. అచ్చం మొదటిసారిలాగే రెండోసారీ చేసినవాళ్ల ముందు పెన్ను కదలదు.

దీని విలువ నాకు తెలిసింది ఓడిపోయినప్పుడు. పియానోలో మాస్టర్స్ కోసం ఒక చోట ఆడిషన్‌కు వెళ్లాను. బాఖ్ వాయించాను, ఒక్క తప్పు లేదు. ఒక మాస్టారు, “ఇదే సగం వేగంలో, ఎడమ చేయి వినపడేలా వాయించండి” అన్నారు. నా చేతులు ఆగిపోయాయి. ఎనిమిది నెలలు ఒకే వేగంలో, ఒకే రకంగా సాధన చేశాను. వేళ్లకు తెలుసు, నాకు తెలియదు. అక్కడ సీటు రాలేదు. ఆ మరుసటి ఏడాది ప్రతి పాఠాన్నీ అయిదు రకాలుగా వాయించి, వేరే చోట చేరాను.

కాబట్టి ఇంట్లో రోజూ మోనోలాగ్‌ను మార్చి మార్చి చేయండి. గిన్నెలు తోముతూ చెప్పండి. గుసగుసగా చెప్పండి. నవ్వు ఆపుకుంటూ చెప్పండి. అక్కనో అన్ననో తోచిన సూచన ఇవ్వమనండి, ఎంత వింతగా ఉన్నా సరే చేసి చూడండి. పాటకూ అంతే.

డాన్స్ ఆడిషన్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఇరవై, ముప్పై మందికి కలిపి ఎనిమిదేసి లెక్కల అడుగుల వరుస కొంత నేర్పుతారు. అడుగు తప్పితే ఆగకండి, పక్కవాళ్ల దారికి అడ్డం రాకండి. లైటింగ్, సెట్ డిజైన్, స్టేజ్ మేనేజ్‌మెంట్ కోరుకునేవాళ్లకు పాట, నాటకం ఉండవు, పోర్ట్‌ఫోలియో, ఇంటర్వ్యూ ఉంటాయి. స్కూలు నాటకానికి మీరు రాసుకున్న క్యూల (లైటు, సౌండు ఎప్పుడు మారాలో చెప్పే గుర్తుల) పుస్తకం, గీసిన స్కెచ్‌లు, చెరిపేసిన గీతలతో సహా పట్టుకెళ్లండి.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలెస్‌లలో చాలా కాలేజీలు ఒకే చోట ఆడిషన్లు పెడతాయి. ఒకే రోజు మూడు నాలుగు గదులకు వెళ్లొచ్చు, విమానం ఖర్చు మిగులుతుంది. కానీ హోటల్ కారిడార్లో వందమంది ఒకేసారి గొంతు సవరించుకుంటుంటే టెన్షన్ రాకుండా ఉండదు. చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోండి. మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. అమ్మానాన్నలకు నా మనవి ఒకటే: బయటికి రాగానే “ఎలా చేశావు?” అని అడగకండి, తర్వాతి గది ఇంకా మిగిలే ఉంటుంది.

సీటు వస్తే మామూలుగా మే 1 లోపు జవాబివ్వాలి. టాలెంట్ స్కాలర్‌షిప్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం వేరే ఆఫీసు చూస్తుంది. రెండింటికీ విడివిడిగా రాయండి. ఇంకో చోట ఎక్కువ ఇచ్చారని మర్యాదగా చెబితే కొన్నిసార్లు పెంచుతారు కూడా. డిగ్రీ వేరే దాంట్లో చేసి ఎంఎఫ్ఏకి (కళల్లో మాస్టర్స్‌కి) రావాలనుకునేవాళ్లూ ఉంటారు. యేల్ నాటక విభాగం 2021లో 15 కోట్ల డాలర్ల విరాళం అందుకుని ఫుల్‌టైమ్ విద్యార్థులందరికీ ట్యూషన్ ఫీజు తీసేసింది. అక్కడ సీటు దొరకడం మాత్రం చాలా కష్టం.

ఇక గదిలోంచి వెళ్లేటప్పుడు ఒక పని ఉంది. ప్యానెల్‌కు థాంక్స్ చెప్పి, పియానో దగ్గరికి వచ్చి మీ ఫైలు తీసుకోండి. ప్రతి ఆడిషన్ రోజూ రెండు మూడు ఫైళ్లు నా దగ్గరే ఉండిపోతాయి. వాటిని పట్టుకుని కారిడార్లో పేర్లు పిలుచుకుంటూ తిరుగుతాను. అప్పటికే ఆ పిల్లలు తర్వాతి గది ముందు నిలబడి బ్యాగు వెతుక్కుంటుంటారు.