పాత టీవీలో చుక్కలు పోవట్లేదా? ముందు యాంటెన్నా తిప్పండి

సమస్య: స్టేషన్ లేని చానెల్ పెట్టగానే తెర నిండా తెల్లచుక్కలు, స్పీకర్లో బుస్సుమని మోత.

వైరు ఊడిందేమో, బూస్టర్‌కి కరెంటు వస్తోందో లేదో చూసే ఉంటారు, అవి చెప్పను. అందరూ వదిలేసేది యాంటెన్నా తిప్పి చూడటం. డాబా మీద ఒకరు, కింద "ఆఁ తగ్గింది... మళ్లీ వచ్చింది!" అని అరవడానికి ఒకరు ఉంటే చాలు. ఒక దిక్కున మోత పెరిగితే దొంగ అటే ఉన్నాడు: పక్కింటి మిక్సీయో, వీధి చివర వెల్డింగ్ షాపో.

ఎటు తిప్పినా, పగలూ రాత్రీ ఒకేలా ఉంటే? చాలావరకు సెట్టు సొంత గోలే. మిగిలిన కాస్త, నూటికి ఒక వంతు దగ్గర, బయటిది. దీన్ని పట్టుకోలేక నేను ఒకే ఇంటికి మూడు బూస్టర్లు మార్చాను.

నాకంటే పెద్దవాళ్లే బోల్తా పడ్డారు లెండి. 1964లో అమెరికాలో, న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో, పెంజియస్, విల్సన్ అనే ఇద్దరు రేడియో శాస్త్రవేత్తలకు ఇదే తలనొప్పి. ఇరవై అడుగుల కొమ్ముబూర లాంటి యాంటెన్నా వాళ్లది. న్యూయార్క్ వైపు తిప్పినా, ఆకాశం వైపు తిప్పినా అదే మోత. లోపల రెండు పావురాలు కాపురం పెట్టి గోడలకు సున్నం కొట్టాయి. పట్టి దూరం పంపితే రెండు రోజుల్లో తిరిగొచ్చాయి. రెట్టలు కడిగారు, అతుకులకు అల్యూమినియం టేపు వేశారు. మోత పోలేదు.

కారణం: విశ్వం పుట్టిన 3 లక్షల 80 వేల ఏళ్లకు బయల్దేరిన వెలుగు. అప్పుడు దాని వేడి దాదాపు 3000 కెల్విన్. ఈ 1380 కోట్ల ఏళ్లలో విశ్వం 1100 రెట్లు సాగింది, వెలుగూ సాగి మైక్రోవేవ్ అయింది. ఇప్పుడు 2.7 కెల్విన్, అంటే మైనస్ 270 డిగ్రీలు. ఆ పొయ్యి ఏదో ఒక మూల వెలగలేదు, మనమున్న చోటు కూడా దాని లోపలిదే. అందుకే అన్ని దిక్కుల నుంచీ వస్తుంది.

పరిష్కారం: లేదు. వాళ్లు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ డికీకి ఫోన్ చేశారు. ఆయన సరిగ్గా దీన్నే వెతకడానికి యాంటెన్నా కడుతున్నాడు, పాపం. 1978లో నోబెల్ మాత్రం వీళ్లిద్దరికీ వచ్చింది. పావురాల సంగతి అడక్కండి.

ఈ మోత అణుబాంబు మిగులనో, సూర్యుడి మంటలనో చెప్పే మాటలు వదిలేయండి. 1962లో ఆకాశంలో పేల్చిన బాంబును పెంజియస్, విల్సన్‌లూ అనుమానించారు. అదైతే నెలనెలా తగ్గాలి, తగ్గలేదు.

నీలి తెర వచ్చే సెట్లలో ఈ చుక్కలు కనిపించవు. పోయాయనుకోకండి, కంపెనీవాడు దుప్పటి కప్పాడంతే.