కొత్తగా అమెరికా వచ్చారా? ఎన్ఎఫ్ఎల్ అర్థం కావాలంటే ఒక జర్నీమ్యాన్‌ని పట్టుకోండి

ఆగస్టులో దిగినవాళ్లకి సెప్టెంబర్ నుంచి సోమవారం ఉదయం ఆఫీసులో ముందురోజు ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆట ముచ్చట్లే వినిపిస్తాయి. రూల్స్ అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి. ప్రస్తుతానికి అది చాలు, మిగతాది చూస్తుంటే వచ్చేస్తుంది. ఎంత చూసినా అంతుపట్టనిది ఇంకొకటుంది: పోయినేడు బఫెలోలో ఆడినవాడు ఈ ఏడు టెనెస్సీలో ఎందుకున్నాడు? స్టార్లని చూస్తే ఇది తెలియదు, వాళ్లు ఒకచోటే పాతుకుపోతారు. టీమ్ తర్వాత టీమ్ మారుతూ, ఎక్కువగా బ్యాకప్‌గా బతికే ఆటగాణ్ణి ఇక్కడ జర్నీమ్యాన్ అంటారు. అలాంటి ఒకడి కెరీర్ చూడండి, లీగ్ లోపలి లెక్కలన్నీ అందులోనే ఉంటాయి.

మా ఓటు ర్యాన్ ఫిట్జ్‌పాట్రిక్‌కి. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ ఆట నడిపించేవాడు. హార్వర్డ్‌లో ఎకనామిక్స్ చదివాడు. 2005 డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) మొత్తం 255 మందిని ఎంచుకుంటే ఇతను 250వ వాడు. సెయింట్ లూయిస్ ర్యామ్స్ తీసుకుంది. అక్కణ్ణుంచి సిన్సినాటి, బఫెలో, టెనెస్సీ, హ్యూస్టన్, న్యూయార్క్ జెట్స్, టాంపా బే, మయామి, చివరికి వాషింగ్టన్: 17 సీజన్లు, 9 టీములు. తొమ్మిదింటికీ స్టార్టర్‌గా, అంటే మొదటి నుంచే ఆడేవాడిగా, దిగాడు. ఒక్క ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) మ్యాచ్ కూడా ఆడలేదు. 2022లో రిటైరయ్యాడు.

ఇక లెక్కలు. వేసవి క్యాంపుకి టీముకి 90 మంది వస్తారు, ఆగస్టు చివర్లో 53కి దించాలి. 32 టీములు కలిపితే ఒక్క వారంలో వెయ్యి మందికి పైగా ఉద్యోగం ఊడుతుంది. ఆ వారం వార్తల్లో రెండు మాటలు కనిపిస్తాయి, ఒకటనుకుని కలిపేయకండి. నాలుగు సీజన్ల సర్వీసు లేని కుర్రాణ్ణి తీసేస్తే ‘వేవ్‌డ్’. అతను వేవర్స్‌లోకి వెళ్తాడు. మిగతా టీములకి సుమారు ఒక రోజు గడువుంటుంది, పోయినేడు అట్టడుగున ఉన్న టీముకి మొదటి హక్కు. ఎవరైనా క్లెయిమ్ చేస్తే పాత కాంట్రాక్టుతోనే అక్కడికి వెళ్లాల్సిందే, ‘ఆ ఊరు నాకొద్దు’ అనడానికి లేదు. నాలుగు సీజన్లు నిండిన సీనియర్‌ని తీసేస్తే ‘రిలీజ్డ్’. అతను అప్పటికప్పుడే ఎవరితోనైనా సంతకం పెట్టుకోవచ్చు. ఈ స్వేచ్ఛ ట్రేడ్ డెడ్‌లైన్ (టీములు ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి తేదీ) దాకానే, ఆ తర్వాత సీనియర్లకీ వేవర్సే. ఒక ఏడాది సర్వీసు లెక్కలోకి రావాలంటే కనీసం 6 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లకి పూర్తి జీతం మీద ఉండాలి. అందుకే ఐదో మ్యాచ్ తర్వాత కట్ అయినవాడికి పోయింది ఒక వారం జీతం మాత్రమే కాదు.

53లో చోటు దొరకనివాళ్లలో కొందరికి 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంది. వారమంతా టీముతో ప్రాక్టీస్ చేస్తారు, మ్యాచ్ రోజు ఆడరు. 2025లో కుర్రాళ్లకి వారానికి 13,000 డాలర్లు. అదే 53లో ఉంటే ఆ ఏడాది కొత్తవాడి కనీస జీతం 8,40,000, దాన్ని 18 వారాలకి పంచితే వారానికి 46 వేల పైమాటే. ఒక మెట్టు తేడాకి ఇంత. అవసరమైతే ప్రాక్టీస్ స్క్వాడ్ వాణ్ణి మ్యాచ్ కోసం పైకి తెచ్చుకోవచ్చు, కానీ రెగ్యులర్ సీజన్‌లో ఒక్కొక్కణ్ణి మూడుసార్లే. నాలుగోసారి కావాలంటే 53లోకి తీసుకోవాలి, అంటే ఇంకొకణ్ణి ఇంటికి పంపాలి.

మొదటి వారం రోస్టర్‌లో (ఆ 53 మందిలో) ఉన్న సీనియర్‌కి ఆ ఏడాది జీతమంతా దాదాపు ఖాయమైనట్టే. అది తప్పించుకోవడానికి కొన్ని టీములు సీనియర్లని రెండో వారం దాకా ఆపి అప్పుడు తీసుకుంటాయి. ‘ఇంత అనుభవం ఉన్నవాడు ఇంకా ఖాళీగా ఎందుకున్నాడు’ అని మీ కొలీగ్ ఆశ్చర్యపోతే కారణం ఇది కావచ్చు. సాధారణంగా మంగళవారం ఆటగాళ్లకి సెలవు, టీములు బయటివాళ్లని పిలిచి ట్రైఅవుట్ పెట్టేది ఎక్కువగా అప్పుడే. ఆదివారం ఎవరికి మోకాలు పోయిందో గమనిస్తే మంగళవారం ఫోన్ ఎవరికి మోగుతుందో చాలావరకు ఊహించవచ్చు.

కాంట్రాక్టు హెడ్‌లైన్‌ని మన సీటీసీలాగే చూడండి, చేతికి వచ్చేది వేరు. 2011 అక్టోబర్‌లో బఫెలో బాగా గెలుస్తున్నప్పుడు ఫిట్జ్‌పాట్రిక్‌కి ఆరేళ్లకి 5.9 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. ఆ సీజన్ 6-10తో (ఆరు గెలుపులు, పది ఓటములు) ముగిసింది. 2013 మార్చిలో తీసేశారు, ఆరేళ్లలో రెండేళ్లు కూడా నిండలేదు. ‘గ్యారెంటీడ్’ అన్న అంకె ఒక్కటే చూడండి. మార్చిలో కొత్త లీగ్ ఏడాది మొదలవగానే చాలా కాంట్రాక్టుల్లో బోనస్‌లు చెల్లించాల్సి వస్తుంది, కటింగ్‌లు ఆ ముందురోజుల్లో జోరందుకునేది అందుకే.

మరి ఇలాంటివాణ్ణి తొమ్మిది టీములు ఎందుకు పిలిచాయి? ప్లేబుక్ (టీము ఎత్తుల పుస్తకం) త్వరగా పట్టేస్తాడు, స్టార్టర్ పడిపోయిన రోజున భయపడకుండా దిగుతాడు. 2015 ఆగస్టులో జెట్స్ క్వార్టర్‌బ్యాక్ జీనో స్మిత్ దవడని సొంత టీమువాడే లాకర్ రూమ్‌లో గుద్ది విరగ్గొట్టాడు. ఫిట్జ్‌పాట్రిక్ ఆ ఏడాది 31 టచ్‌డౌన్ పాసులు వేసి టీముని 10-5తో ఆఖరి మ్యాచ్ దాకా తెచ్చాడు. అది గెలిస్తే ప్లేఆఫ్స్. ఎదురుగా పాత టీము బఫెలో. చివరి క్వార్టర్‌లో మూడు ఇంటర్‌సెప్షన్లు (పాసు ఎదుటి టీముకి చిక్కడం), సీజన్ అక్కడితో సరి. 2018లో టాంపాకి ఆడుతూ వరసగా మూడు మ్యాచ్‌ల్లో పాసులతో 400 గజాలు దాటించాడు, అంతకుముందు ఎవరూ చేయనిది. కానీ అసలు స్టార్టర్ సస్పెన్షన్ నుంచి తిరిగొచ్చాక నాలుగో మ్యాచ్ మధ్యలోనే బెంచీ ఎక్కించారు. టీము మనసులో ‘అసలువాడు’ ఎవరో జీతం, డ్రాఫ్ట్ నంబరు ముందే చెప్పేస్తాయి. మీ కొలీగ్‌తో వాదన వస్తే స్టాటిస్టిక్స్ కన్నా ఇదే బలమైన పాయింటు.

పన్ను సంగతి మనవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఒకే ఏడాది రెండు రాష్ట్రాల్లో పనిచేసి రెండు స్టేట్ రిటర్నులు వేసినవాళ్లు మనలో బోలెడుమంది. ఈ ఆటగాళ్లు మ్యాచ్ ఆడిన రాష్ట్రాలకి పనిదినాల లెక్కన పన్ను కట్టాలి. టెక్సస్, ఫ్లోరిడాల్లో జీతం మీద స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి అవే డాలర్లకి హ్యూస్టన్ ఆఫర్ న్యూయార్క్ జెట్స్ ఆఫర్ కన్నా బరువు. అద్దె ఇల్లు, పిల్లల స్కూలు మార్పు ఎటూ తప్పవు.

చూడ్డానికి కేబుల్ అక్కర్లేదు. టవర్ సిగ్నల్ అందే చోటైతే మామూలు యాంటెన్నాతో సీబీఎస్, ఫాక్స్, ఎన్‌బీసీ ఉచితంగా వస్తాయి. ఆదివారం మ్యాచ్‌లు ఎక్కువగా ఈస్టర్న్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం 1కి, తర్వాత 4 దాటాక. గురువారం రాత్రివి ప్రైమ్ వీడియోలో. అక్కడ మైకు ముందు గడ్డంతో కనిపించే విశ్లేషకుడు ఫిట్జ్‌పాట్రికే. జెర్సీ కొనాలనిపిస్తే మాత్రం బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ పేరుతో కొనకండి. పేరు లేనిది తీసుకుంటే వచ్చే మార్చి తర్వాత కూడా వేసుకోవచ్చు.